సీఈ-ఎల్ఐఎఫ్‌లో గ్లైకాన్ పీకులు సగానికి పడిపోతే ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. పరవాడ దగ్గర ఒక ల్యాబ్‌లో చేరి ఎనిమిది నెలలైంది. యాంటీబాడీ నుంచి విడదీసిన గ్లైకాన్లకు (ప్రోటీన్‌కి అతికి ఉండే చక్కెర గొలుసులు) ఏపీటీఎస్ అనే మెరిసే డై తగిలించి, కేపిలరీ ఎలక్ట్రోఫోరిసిస్‌లో (సీఈ, అంటే సన్నని గొట్టంలో వోల్టేజ్‌తో అణువులను వేరు చేసే పద్ధతి) నడుపుతున్నారు. 488 నానోమీటర్ల లేజర్ పడినప్పుడు డై మెరిసే మెరుపును చూస్తున్నారు, ఎల్ఐఎఫ్ అంటే ఇదే. మార్చిలో చక్కగా వచ్చిన పీకులు (ట్రేస్ అనే గ్రాఫ్ మీద లేచే శిఖరాలు) మే నెలకి సగమయ్యాయి. పీకులు లేనిచోట ఉండే అడుగు గీత, అంటే బేస్‌లైన్ కూడా నిలకడగా ఉండటం లేదు. లేజర్ పాతబడింది, పవర్ పెంచాలి, కుదరకపోతే కొత్తది కొనాలి అని మీ పైవాళ్లు అంటున్నారు. డిటెక్టర్ పికోమోలార్ (మైక్రోమోలార్‌లో పది లక్షల వంతు గాఢత) వరకు చూస్తుందని యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంది కదా, మరి మనకెందుకు కనిపించడం లేదని మీ సందేహం.

ఇరవై రెండేళ్లు ఈ కేపిలరీలతోనే గడిపాను, అందులో ఎక్కువ భాగం విశాఖలోనే. మీరు రాసింది చదవగానే నాకు అనుమానం వచ్చింది లేజర్ మీద కాదు, లేబులింగ్ జరిగే ఆ చిన్న ట్యూబు మీద. ఎందుకో చెబుతాను.

ముందు ఒక లెక్క వేసుకోండి. మీరు 100 మైక్రోగ్రాముల యాంటీబాడీ తీసుకున్నారనుకుందాం. దాని అణుభారం సుమారు 1,50,000. అంటే 0.67 నానోమోల్. ఒక్కో యాంటీబాడీకి రెండు గ్లైకాన్లు, కాబట్టి మొత్తం 1.3 నానోమోల్ పైచిలుకు గ్లైకాన్లు. లేబులింగ్ అయ్యాక దాన్ని 200 మైక్రోలీటర్ల నీటిలోకి తెస్తే సుమారు 6.7 మైక్రోమోలార్. అందులో వెయ్యో వంతు మాత్రమే ఉన్న చిన్న గ్లైకాన్ కూడా 6.7 నానోమోలార్ దగ్గర ఉంటుంది. బాగా పనిచేసే ఎల్ఐఎఫ్‌కి నానోమోలార్ చూడటం ఏమంత కష్టం కాదు. పెద్ద పీకులైతే మైక్రోమోలార్‌లో ఉన్నాయి. అంత వెలుగు ఉన్నచోట పీకు సగమైతే, కంటిచూపు తగ్గిందని అనుకునే ముందు అసలు చూడాల్సిన వస్తువే సగం తయారైందేమో చూడాలి. ఈ స్థితిలో లేజర్ పవర్ పెంచితే జరిగేది ఒక్కటే. పెద్ద పీకుల తలలు చదునుగా తెగిపోతాయి, నిష్పత్తులన్నీ తప్పుతాయి. రిపోర్టులో మీరిచ్చేది ఆ నిష్పత్తులే కదా.

ఇక పికోమోలార్ సంగతి. పుస్తకంలో రాసిన సంఖ్య అబద్ధం కాదు. కానీ అది శుభ్రమైన బఫర్‌లో కలిపిన, తానే బాగా మెరిసే ఫ్లోరెసిన్ అనే శుభ్రమైన డైకి వర్తిస్తుంది. అప్పటికే వెలిగే అణువును చూడటం వేరు, వెలగని అణువుకి దీపం కట్టి ఆ తర్వాత చూడటం వేరు. నమూనా గాఢత మైక్రోమోలార్ కంటే బాగా కిందికి పోయాక చాలా లేబులింగ్ చర్యలు నత్తనడక నడుస్తాయి. డై ఎక్కువ వేసి నెట్టుకొద్దామంటే, ఆ డైలో ఉన్న మలినాలే మీ పీకుల కంటే ఎత్తుగా లేస్తాయి. ఎఫ్ఐటీసీ అనే డైతో అమైనో ఆమ్లాలు లేబుల్ చేసినవాళ్లకి ఇది బాగా తెలుసు. డై నీటితో చర్య జరిపి పుట్టించిన పీకులే సగం ట్రేస్‌ను ఆక్రమిస్తాయి. అందుకే ఎల్ఐఎఫ్‌లో నిజమైన హద్దును చాలాసార్లు డిటెక్టర్ కాదు, కెమిస్ట్రీ నిర్ణయిస్తుంది. నేను కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి వారంలోనే చెప్పే మాట ఇది.

అసలు ఎల్ఐఎఫ్ ఎందుకంత సున్నితమైనదో మీరు అడగలేదు గానీ, అది మనసులో ఉంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. కేపిలరీ లోపలి వ్యాసం 50 మైక్రోమీటర్లు. యూవీ డిటెక్టర్‌కి కాంతి ప్రయాణించే దారి అంతే. అంత చిన్న దారిలో శోషణం చాలా స్వల్పం. మిట్టమధ్యాహ్నం సూర్యుడికి అడ్డంగా ఎగిరిన కాకి వల్ల ఎంత వెలుగు తగ్గిందో కొలవడం లాంటి పని అది. ఫ్లోరెసెన్స్ (కాంతి పడినప్పుడు అణువు తానే మెరవడం) అలా కాదు. అమావాస్య రాత్రి ఆర్కే బీచ్‌లో నిలబడితే, ఎంతో దూరంలో ఉన్న పడవ మీద లాంతరు కూడా కనిపిస్తుంది. దీపం పెద్దదని కాదు, వెనక అంతా చీకటి కాబట్టి. 1981లో జోర్గెన్‌సన్, ల్యూకాస్ అనే శాస్త్రవేత్తలు 75 మైక్రోమీటర్ల గాజు కేపిలరీలో 30 కిలోవోల్టుల వరకు పెట్టి అణువులను వేరు చేసి చూపించినప్పుడు కూడా ఫ్లోరెసెన్స్ డై తగిలించే చూశారు. 1985లో స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ జేర్ బృందం దానికి లేజర్ జోడించింది. లేజర్ అయితే వెంట్రుక కంటే సన్నని గొట్టంలోకి కూడా కాంతినంతా గురిపెట్టవచ్చు. తర్వాత మానవ జీనోమ్ చదివిన 96 కేపిలరీల యంత్రాలు నడిచింది కూడా ఈ సూత్రం మీదే.

కాబట్టి ఎల్ఐఎఫ్‌లో మీరు కాపాడుకోవాల్సింది చీకటిని. బేస్‌లైన్ గొడవలన్నీ దాదాపుగా ఆ చీకటి చెడిపోవడం వల్ల వచ్చేవే.

చీకటిని చెడగొట్టే వాటిలో ఒకటి నీరు. ఇక్కడ మన ఊరి మనిషిని తలుచుకోకుండా ఉండలేను. సి.వి. రామన్ బాల్యం విశాఖలోనే గడిచింది. తండ్రి ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్, రామన్ చదివింది సెయింట్ అలోషియస్ స్కూల్లో. 1928 ఫిబ్రవరి 28న ఆయన కనుగొన్న ప్రభావమే మీ ట్రేస్‌లో బ్యాక్‌గ్రౌండ్‌గా కూర్చుంటుంది. 488 నానోమీటర్ల కాంతి నీటిలోంచి వెళ్తే అందులో కొంత చెదిరి, 585 నానోమీటర్ల చుట్టుపక్కల ఒక పట్టీగా బయటికి వస్తుంది. ఏపీటీఎస్ కాంతి 520 దగ్గర ఉంటుంది కాబట్టి, 520 బ్యాండ్‌పాస్ ఫిల్టర్ (ఆ చుట్టుపక్కల కాంతిని మాత్రమే పోనిచ్చేది) పెడితే రామన్ పట్టీ బయటే ఆగిపోతుంది. అందుకని మీరు వెంటనే చూడాల్సిన విషయం ఒకటుంది. ఆ యంత్రాన్ని ఇంకో టీమ్ కూడా వాడుతోందా? ప్రోటీన్లకి ఎఫ్‌క్యూ డై వాడేవాళ్లు 600 ఫిల్టర్ పెడతారు. వాళ్లు పని ముగించి ఫిల్టర్ మార్చకుండా వెళ్లిపోతే మీ సిగ్నల్ దారుణంగా పడిపోతుంది, నీటి రామన్ కాంతి కొంత లోపలికి వస్తుంది. మీకు పీకు సగానికే తగ్గింది కాబట్టి ఇది కాకపోవచ్చు, కానీ తెరిచి చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఫిల్టర్ అంచు మీద రాసి ఉన్న సంఖ్యను మీ కళ్లతో మీరే చదవండి. లాగ్‌బుక్‌ను నమ్మకండి.

ఇప్పుడు అసలు పరీక్ష. 10 నానోమోలార్ ఫ్లోరెసిన్ ద్రావణం తయారు చేయండి. పీహెచ్ 9 బోరేట్ బఫర్‌లో చేయాలి, ఎందుకంటే ఆమ్లం వైపు వెళ్లేకొద్దీ ఫ్లోరెసిన్ వెలుగు మసకబారుతుంది. ఏ రోజుకి ఆ రోజు కొత్తగా పలచన చేయండి. ఇంత తక్కువ గాఢతలో అణువులు ప్లాస్టిక్ గోడలకి అతుక్కుపోతాయి, నిన్నటి 10 నానోమోలార్ ఇవాళ 10 ఉండదు. జెల్ లేని మామూలు కేపిలరీ పెట్టి, వోల్టేజ్ లేకుండా ప్రెషర్‌తో ముందు ఖాళీ బఫర్, తర్వాత ఈ ద్రావణం తోయండి. ట్రేస్ ఒక మెట్టులా లేచి నిలబడుతుంది. మెట్టు ఎత్తు ఎంత, దాని మీద నాయిస్ ఎంత, ఖాళీ బఫర్ దగ్గర బేస్‌లైన్ ఎంత అనే మూడు అంకెలు తేదీతో నోట్‌బుక్‌లో రాయండి. ఈ పరీక్షలో మీ గ్లైకాన్ లేదు, లేబులింగ్ లేదు, విభజన లేదు. కాంతి, కిటికీ (కేపిలరీ మీద పూత తీసి కాంతికి దారి ఇచ్చిన చోటు), ఫిల్టర్, ఫోటోమల్టిప్లయర్ (వెలుగును సిగ్నల్‌గా మార్చే భాగం) మాత్రమే ఉన్నాయి. లేజర్ వెలిగించాక అరగంట ఆగి చేయండి. మార్చిలో ఇలాంటి రికార్డు లేదని మీరు అనవచ్చు. యంత్రం పెట్టిన రోజున ఇంజనీరు చేసిన పరీక్ష కాగితం ఎక్కడో ఫైల్లో ఉంటుంది, దాన్ని తీయండి.

మెట్టు ఎత్తు ఉండాల్సినంత ఉంటే లేజర్ చర్చ అక్కడితో ముగిసింది.

మెట్టు తగ్గితే అప్పుడు కూడా మొదట కేపిలరీ కిటికీని చూడండి. బయటి పాలీఇమైడ్ పూత తానే మెరిసే పదార్థం. కిటికీ కాల్చినప్పుడు అంచుల్లో గోధుమరంగు మసి కాస్త మిగిలినా బేస్‌లైన్ పైకి లేస్తుంది. కాల్చాక మెథనాల్‌లో తడిపిన లింట్ లేని గుడ్డతో ఒకే దిశలో తుడవాలి, తర్వాత వేలు తగలకూడదు. లోపల పూత ఉన్న కేపిలరీలను మంటతో కాల్చకండి, ఆ పూత మాడిపోతుంది. వాటిని కిటికీతో సహా తయారైనవి కొనడమే మంచిది. కార్ట్రిడ్జ్‌లో కిటికీ మధ్యకి కూర్చుందో లేదో భూతద్దంతో చూడండి. నేను చూసిన 'లేజర్ పోయింది' కేసుల్లో సగానికి పైగా కిటికీ దగ్గరే తేలిపోయాయి.

పవర్ గురించి ఒక్క మాట. పవర్ పెరిగితే సిగ్నల్‌తో పాటు బ్యాక్‌గ్రౌండ్ కూడా పెరుగుతుంది. ఆదర్శ స్థితిలో సిగ్నల్-నాయిస్ నిష్పత్తి పవర్ వర్గమూలం లెక్కన పెరుగుతుంది, అంటే నాలుగింతలు పవర్‌కి రెండింతలు లాభం. అదీ కొంతవరకే. 50 సెంటీమీటర్ల దూరాన్ని 10 నిమిషాల్లో దాటే అణువు సెకనుకి 0.8 మిల్లీమీటర్ల పైన నడుస్తుంది. 100 మైక్రోమీటర్ల వెడల్పు ఉన్న కాంతి మచ్చను దాటడానికి దానికి పట్టేది సెకనులో ఎనిమిదో వంతు. ఆ కాసేపట్లో మరీ ఎక్కువ కాంతి కొడితే డై అక్కడే కాలి ఆరిపోతుంది. మామూలు యంత్రాల్లో మూడు నాలుగు మిల్లీవాట్లే పెట్టడానికి కారణం పిసినారితనం కాదు. ఇంకో విషయం, మూత తీసి, ఇంటర్‌లాక్ (మూత తీస్తే లేజర్‌ను ఆపే రక్షణ స్విచ్) దాటవేసి లేజర్‌ను చూడాలని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. ఆ కాంతి సూటిగా కంటిలో పడితే పోయిన చూపు తిరిగి రాదు.

ఇప్పుడు నేను అనుమానిస్తున్న ట్యూబు దగ్గరికి వద్దాం. ఏపీటీఎస్ గ్లైకాన్‌కి అతుక్కోవడానికి రెండు దశలున్నాయి. ముందు గ్లైకాన్ చివరి ఆల్డిహైడ్‌తో డై కలిసి ఇమీన్ అవుతుంది. తర్వాత సోడియం సయనోబోరోహైడ్రైడ్ దాన్ని స్థిరపరుస్తుంది. మొదటి దశలో నీరు బయటికి పోవాలి. నమూనాలో ముందే నీరు మిగిలి ఉంటే చర్య వెనక్కి లాగబడుతుంది. మార్చికీ మేకీ మన ఊళ్లో గాలిలో తేమ ఎంత తేడా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. వ్యాక్యూమ్ సెంట్రిఫ్యూజ్‌లో మార్చిలో పెట్టినంత సమయమే మేలో కూడా పెడుతున్నారా? పంపు ఆయిల్ తేమ పట్టి తెల్లగా మారిందా? ట్యూబు అడుగున పొర పొడిగా ఉందా, జిగురుగా ఉందా? సయనోబోరోహైడ్రైడ్ కూడా తేమను పీల్చుకునే పదార్థమే. సీసా మూత తీసి పెట్టి, ఇంకో పని చూసుకుని వచ్చే అలవాటు ఈ ఊళ్లో పనికిరాదు. చిన్న చిన్న భాగాలుగా పంచుకుని, ఒక్కో భాగాన్ని ఒక్కసారే వాడండి. అది విషపదార్థం, ఆమ్లంతో కలిసినప్పుడు హైడ్రోజన్ సయనైడ్ వెలువడవచ్చు. ఈ పనంతా ఫ్యూమ్ హుడ్‌లోనే, వ్యర్థాలు కూడా ఆమ్లం సీసాలో పోయకుండా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక నేను పనిచేసిన ల్యాబ్‌లో రోజుల తరబడి కరెంటు లేదు. తిరిగి మొదలుపెట్టాక పీకులన్నీ బలహీనం. అందరం యంత్రం తడిసిందనుకున్నాం. అలైన్‌మెంట్ చేయించాం, లేజర్ కొలిపించాం, మూడు వారాలు పోయాయి. చివరికి తేలింది ఏమిటంటే, ఫ్రీజర్ ఆగిపోయినప్పుడు డై, సయనోబోరోహైడ్రైడ్ భాగాలు కరిగి వెచ్చబడ్డాయి, కరెంటు రాగానే మళ్లీ గడ్డకట్టాయి. చూడ్డానికి ఏ మార్పూ లేదు. కొత్త సీసాలు తెరిచిన రోజే పీకులు తిరిగొచ్చాయి. ఆ మూడు వారాలు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటాయి, ఎందుకంటే పది నిమిషాల ఫ్లోరెసిన్ పరీక్ష అప్పుడు చేసి ఉంటే మొదటి రోజే దారి తెలిసేది. మీ ల్యాబ్‌లో వేసవిలో శని, ఆదివారాలు ఏసీ, ఫ్రీజర్ ఏ లైన్ మీద నడుస్తున్నాయో కనుక్కోండి.

లేబులింగ్ వాల్యూమ్ కొన్ని మైక్రోలీటర్లే కదా. మామూలు హీటింగ్ బ్లాక్ మీద పెడితే ద్రవం ఆవిరై చల్లటి మూత లోపల చుక్కలుగా అంటుకుంటుంది, అడుగున చర్య ఎండిపోతుంది. మూత కూడా వేడెక్కే పీసీఆర్ యంత్రం కానీ, ట్యూబంతా ఒకే వేడిలో ఉండే ఇన్‌క్యుబేటర్ కానీ వాడండి. తొందరగా అవ్వాలని 60 డిగ్రీలకి పెంచేవాళ్లున్నారు. మీ గ్లైకాన్లలో సియాలిక్ ఆమ్లం (కొన్ని గొలుసుల చివర ఉండే చక్కెర) ఉంటే ఆ వేడిలో, ఆమ్లంలో కొంత ఊడిపోయే ప్రమాదముంది. 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచడం నాకిష్టం.

కెమిస్ట్రీ సరిగ్గా అయినా పీకు చిన్నగా రావడానికి ఇంకో దారి ఉంది, అది ఉప్పు. మీరు వోల్టేజ్‌తో ఇంజెక్ట్ చేస్తుంటే, నమూనాలో ఉన్న లవణాలు మీ గ్లైకాన్లతో పోటీపడి లోపలికి వెళ్తాయి. విడదీసే ఎంజైమ్ బఫర్, మిగిలిపోయిన డై సరిగ్గా కడగకపోతే ఇదే జరుగుతుంది. పరీక్షించడం తేలిక. అదే నమూనాను శుభ్రమైన నీటితో ఐదింతలు పలచన చేసి నడపండి. పీకు ఐదో వంతు కావాల్సింది పోయి అంతే ఉన్నా, పెరిగినా, దోషి ఉప్పే. మొదటిసారి చూసినప్పుడు నాకూ నమ్మబుద్ధి కాలేదు.

బేస్‌లైన్ ఎలా అస్థిరంగా ఉందో మీరు రాయలేదు. నిజమైన పీకు కంటే సన్నగా, ఒకటి రెండు డేటా పాయింట్ల సూదుల్లా ఉంటే అవి ధూళి కణాలు, బుడగలు. బఫర్‌ను 0.2 మైక్రోమీటర్ల ఫిల్టర్‌తో వడకట్టి గాలి తీసేయండి. నెమ్మదిగా పైకీ కిందికీ ఊగుతుంటే గది ఉష్ణోగ్రతను రాసుకోండి. ఒక్క డిగ్రీ మారితే నీటి చిక్కదనం సుమారు 2 శాతం మారుతుంది, పీకులు వచ్చే సమయం కూడా అంతే జరుగుతుంది. కరెంట్ ట్రేస్ కూడా ఎగిరిపడుతుంటే ఎలక్ట్రోడ్ల దగ్గర ఎండిన ఉప్పు, చల్లబరిచిన భాగాల మీద పట్టిన చెమ్మ చూడండి. 30 కిలోవోల్టులకి మన తేమ గాలిలో దారి దొరకడం పెద్ద కష్టం కాదు. తుడిచే ముందు వోల్టేజ్ ఆపి, మెయిన్ స్విచ్ తీసి ఉండాలి.

ఎక్కడిదో తెలియని పీకు ఒకటి అప్పుడప్పుడూ వస్తుంటే మీ బల్ల మీద పసుపుపచ్చ హైలైటర్ ఉందేమో చూడండి. చాలా హైలైటర్లలో ఉండే పైరనీన్, మీ ఏపీటీఎస్‌కి స్వయానా చెల్లెలు లాంటిది. అదే పైరీన్ వలయం, అవే మూడు సల్ఫోనేట్లు. ఒక ల్యాబ్‌లో వయల్స్ మీద హైలైటర్‌తో గుర్తులు పెట్టేవారు. అది గ్లవ్స్‌కి, గ్లవ్స్ నుంచి పిపెట్ టిప్‌కి, అక్కడి నుంచి నమూనాలోకి వచ్చింది. నెల రోజులు దాన్ని కొత్త గ్లైకాన్ అనుకున్నారు. భోజనం చేసి వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోమనడం కూడా మర్యాద కోసం కాదు. పసుపులోని కుర్కుమిన్ నీలి కాంతిలో మెరిసేదే.

ఇవన్నీ ఒకేసారి చేయకండి. సోమవారం ఉదయం ఫిల్టర్ అంకె చదివి, ఫ్లోరెసిన్ పరీక్ష చేయండి. మెట్టు బాగుంటే అదే రోజు మార్చిలో లేబుల్ చేసి ఫ్రీజర్‌లో దాచిన పాత నమూనా ఏదైనా ఉందేమో వెతికి నడపండి. అది ఎత్తుగా వచ్చి, కొత్తది పొట్టిగా వస్తే, మీ సీసాలు, ఎండబెట్టడం, వేడి చేయడం ఈ మూడింట్లో ఒకదాన్ని మాత్రమే మార్చి మళ్లీ లేబుల్ చేయండి. పాతది దొరకకపోతే కొత్త సీసాల నుంచి, ఇంకో గంట ఎక్కువ ఎండబెట్టి, మాల్టోఆలిగోశాకరైడ్ ల్యాడర్‌ను (రకరకాల పొడవుల గ్లూకోజ్ గొలుసుల ప్రామాణిక మిశ్రమం) లేబుల్ చేసి చూడండి. ల్యాడర్‌లో మెట్లు గట్టిగా వస్తే గ్లైకాన్లను విడదీసే మీ ఎంజైమ్ దశను అనుమానించాలి.

ఫ్లోరెసిన్ మెట్టు తగ్గి, కిటికీ మార్చినా, కార్ట్రిడ్జ్ తిరిగి కూర్చోబెట్టినా లేవకపోతే అప్పుడు సర్వీస్ ఇంజనీరును పిలవండి. ఆయన రాగానే మీ నోట్‌బుక్‌లోని ఆ మూడు అంకెలు చూపించి, లేజర్ పవర్ మీ ఎదుటే మీటర్‌తో కొలవమనండి. ఫ్లోరెసిన్ ట్రేస్, ఖాళీ బఫర్ ట్రేస్, కరెంట్ ట్రేస్ ఈ మూడూ ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.